మా నిఖా ఫోటోలో ఆమె జవాబేదీ?

మా పెళ్ళి ఫోటోలో మీకేం కావాలి?

ముందే అడిగేస్తున్నాం. ఎందుకంటే ఇన్నేళ్ళుగా మా పెళ్ళిళ్ళని ఫోటో తీసినవాళ్ళు, అచ్చేసినవాళ్ళు, తెరమీద చూపించినవాళ్ళు ఎవరూ మమ్మల్ని ఆ మాట అడగలేదు. వాళ్ళకి కావలసినవి వాళ్ళే ఏరుకున్నారు. పూల సెహ్రా వెనక మొహం కనపడని దుల్హా. ఎర్ర దుపట్టా కింద తల వంచుకున్న దుల్హన్. గడ్డం, టోపీ. దేగ్‌లోంచి లేచే బిర్యానీ ఆవిరి. ఈ నాలుగూ కలిపితే 'ముస్లిం పెళ్ళి' అయిపోయింది. రంజాన్ ప్రత్యేక పేజీకీ అదే ఫోటో, తలాఖ్ వార్తకీ అదే ఫోటో.

మేం పత్రికల్లో పనిచేసేవాళ్ళం. ఉర్దూ డెస్కు మీద కూర్చున్నాం, తెలుగు డెస్కు మీద కూర్చున్నాం. రెండు చోట్లా మా పెళ్ళిళ్ళ ఫోటోలు మా చేతుల మీదుగానే పోయాయి. అందుకే ఈ మాట చెప్పే హక్కు మాకుందనుకుంటున్నాం.

బలమైన పెళ్ళి ఫోటో ఏది అని స్టూడియోవాళ్ళని అడగండి. వెలుతురంటారు, కోణమంటారు, క్షణమంటారు. మూడూ నిజమే. కానీ ఏ క్షణం? ఎవరి క్షణం? అది తెలియకుండా కెమెరా ఎక్కడ నిలబెడతారు? పెళ్ళికి ప్రాణం ఎక్కడుందో తెలిసినవాడే ఆ పెళ్ళిని ఫోటో తీయగలడు. మా పెళ్ళికి ప్రాణం ఆడపిల్ల చెప్పే జవాబులో ఉంది. ఆ జవాబు లేని ఆల్బం ఎన్ని రంగుల్లో మెరిసినా మాకు బలంలేని ఆల్బమే. ఇదీ మా వాదన. ఇక వివరంగా మాట్లాడుకుందాం.

నిఖా అంటే ఒప్పందం. ఒకరు అడుగుతారు, ఒకరు ఒప్పుకుంటారు. ఇజాబ్, ఖుబూల్. ఆ మాట ఇద్దరు గవాహ్‌ల చెవిన పడాలి. మెహర్ ఎంతో తేలాలి. ఇంతే. మాంఝా, సాంచఖ్, మెహందీ, సెహ్రా, అద్దంలో ఒకరినొకరు చూసుకునే జల్వా, మెళ్ళో వేసే కాలీపోత్ లచ్ఛా - ఇవన్నీ ఈ నేలమీద మేం పోగుచేసుకున్న రివాజులు. మాకివన్నీ ఇష్టమే. ఇవి లేకపోయినా నిఖా అవుతుంది. ఆ మాట లేకపోతే కాదు.

మా ఇళ్ళల్లో అది ఎలా జరుగుతుందో తెలియని తెలుగు పాఠకులు చాలామంది ఉన్నారు. పక్క వీధిలో ఉండి కూడా తెలియదు, బిర్యానీ తిని వెళ్ళిపోతారు కాబట్టి. వినండి. దుల్హా మర్దానాలో ఖాజీ ఎదుట కూర్చుంటాడు. దుల్హన్ జనానాలో ఉంటుంది. ఒక వకీల్, ఇద్దరు గవాహ్‌లు ఆమె దగ్గరికి వెళ్తారు. "ఫలానా వారి అబ్బాయి ఫలానా, ఇంత మెహర్‌తో, నీకు ఖుబూలేనా బేటా?" అని అడుగుతారు. ఆమె "జీ" అంటుంది, "హౌ" అంటుంది, "ఖుబూల్ హై" అంటుంది. సంతకం పెడుతుంది. అప్పుడు ఆ ముగ్గురూ మర్దానాకి తిరిగొస్తారు. ఖాజీ ఖుత్బా చదువుతాడు. దుల్హాని అడుగుతాడు. అతను ఖుబూల్ అంటాడు. హైదరాబాదువాళ్ళం సియాహా అనే కాయితంలో అన్నీ నమోదవుతాయి. దువా. చువారాలు, బాదం, మిస్రీ పంచుతారు. ఆలింగనాలు.

ఇప్పుడు చెప్పండి, ఫోటోగ్రాఫర్ ఎక్కడున్నాడు? స్టేజీ మీద దుల్హా పక్కన ఉన్నాడు. ఆమెని అడిగినప్పుడు అతను లేడు. ఆల్బం తెరవండి. దుల్హా సంతకం నాలుగు కోణాల్లో ఉంటుంది. ఖాజీ సాబ్ గడ్డం ఉంటుంది. మామూలు, చిచ్చాలు కౌగిలించుకోవడం పది పేజీలుంటుంది. దుల్హన్ సంతకం ఉండదు. ఉంటే అది అంతా అయిపోయాక తీసినది. "పెన్ను పట్టుకో అమ్మా, కొంచెం ఇటు చూడమ్మా" అని తీసినది. జాగ్రత్తగా చూడండి, పెన్నుకి క్యాపు కూడా తీసి ఉండదు.

క్యాపు తీయని పెన్నుతో ఆమె దేనికి ఒప్పుకున్నట్టు?

ఫోటోగ్రాఫర్‌ని తిట్టడం మా ఉద్దేశం కాదు. అతను నేర్చుకున్న బడి వేరు. జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు - ఈ మూడు చోట్లా అతని వేలు మీట మీద సిద్ధంగా ఉంటుంది. గట్టిమేళం మోగగానే అతనికి సైగ అందుతుంది. ఆ పెళ్ళి తన అసలు క్షణాన్ని డోలు కొట్టి చెబుతుంది. మా పెళ్ళి అసలు క్షణం ఒక గదిలో మెల్లిగా పలికే ఒక్క మాట. దానికి డోలు లేదు. అది ఎప్పుడొస్తుందో అతనికి చెప్పే నాథుడు లేడు. అందుకే అతను మా పెళ్ళిలోనూ తలంబ్రాలు వెతుక్కుంటాడు. దొరక్కపోతే దుల్హా దుల్హన్లని ఎదురెదురుగా నిలబెట్టి గులాబీ రేకులు పోసుకోమంటాడు. అవి తలంబ్రాలకి నకలు. నకలు ఫోటో ఎంత బాగా పడ్డా నకలే.

మరి ఆ ఆల్బంలో ఇంకేం ఉంటుందో చెప్పమంటారా? జహేజ్ ఉంటుంది. మంచం, బీరువా, ఫ్రిజ్, వాషింగ్ మెషీను, ముందు రిబ్బను కట్టిన మోటారుసైకిలు. వరసగా పేర్చి, వీడియో లైటు వేసి, ఒక్కొక్కటీ తీస్తారు. రీలుకి ముప్పైఆరే ఫోటోలు పడే కాలంలో కూడా బీరువాకి ఒక ఫోటో దక్కింది. ఆమె జవాబుకి దక్కలేదు. ఇప్పుడు కార్డులో వేల ఫోటోలు పడుతున్నాయి. ఇప్పుడూ దక్కడం లేదు. అంటే కొరత రీలుది కాదన్నమాట.

జోడేకీ రఖమ్ ఎంత ఇచ్చారో ఊరంతా తెలుస్తుంది. మెహర్ ఎంతో చాలాసార్లు దుల్హన్‌కే సరిగ్గా తెలియదు. నిసా సూరా నాలుగో ఆయత్ ఆడవాళ్ళకి వాళ్ళ మెహర్ మనస్ఫూర్తిగా ఇచ్చేయమంటుంది. జహేజ్ తీసుకోమని ఏ ఆయత్‌లోనూ లేదు. ఉన్నదానికి ఫోటో లేదు, లేనిదానికి ఇన్ని ఫోటోలా? మా పెద్దలు దీనికి సమాధానం చెప్పాలి. కాఫిర్ల రివాజులు మనకొద్దని మింబర్ మీంచి గొంతు చించుకునేవాళ్ళు ఫ్రిజ్ పక్కన నిలబడి ఫోటో దిగినప్పుడు ఆ మాట గుర్తుచేసుకోవాలి.

ఫోటోయే హరామ్ అనే పెద్దలు కూడా ఉన్నారు. వాళ్ళ విశ్వాసాన్ని మేం ఎగతాళి చేయం. కానీ హజ్ పాస్‌పోర్టుకి ఫోటో దిగినప్పుడు లేని అభ్యంతరం, నిఖాలో ఆడపిల్ల సంతకం పెడుతున్నప్పుడే ఎందుకొస్తుంది? మర్దానా మీద డ్రోన్ ఎగురుతుంటే తల పైకెత్తి నవ్వేవాళ్ళు, జనానా గుమ్మం దగ్గర కెమెరా కనపడగానే ఎందుకు ఉలిక్కిపడతారు? పర్దా పేరు చెప్పకండి. పర్దా ఆమెది. తెర వెనక దాగుతున్నది మాత్రం మీ తొందర, మీ దబాయింపు. "జల్దీ బోలో బేటా, ఖాజీ సాబ్‌కి ఇంకో రెండు నిఖాలున్నాయి" అన్న మీ మాటకి సాక్ష్యం మిగలకూడదనేనా?

కన్నెపిల్ల మౌనమే ఆమె ఒప్పుదల అని హదీస్ చూపిస్తారు. నిజమే. అదే హదీస్ ముందు ఆమెని అడగమంది. అడిగితేనే మౌనానికి అర్థం. అడగనప్పుడు అది వట్టి నోరు నొక్కడం.

1991లో ఏం జరిగిందో ఈ నగరం మరచిపోలేదు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో పదేళ్ళ పాప ఏడుస్తోంది. పక్కన అరవయ్యేళ్ళ సౌదీ 'భర్త'. ఎందుకు ఏడుస్తున్నావని ఎయిర్‌హోస్టెస్ అడిగింది. ఆ ఒక్క ప్రశ్నతో విషయం బయటపడింది. ఆలోచించండి. ఆ ప్రశ్న ఎవరు అడగాల్సింది? వకీల్ అడగాల్సింది. గవాహ్‌లు అడగాల్సింది. ఖాజీ అడగాల్సింది. వాళ్ళ ముందు ఆ పాప మొహం లేదా? భూమ్మీద ఎవరూ అడగని ప్రశ్న ఆకాశంలో పరాయి ఆడబిడ్డ అడిగింది. ప్రతి నిఖాలోనూ అడుగుతున్నవాళ్ళు, జవాబు చెబుతున్న పిల్ల, పక్కనున్న గవాహ్‌లు ఒకే ఫోటోలో పడాలనే పట్టుదల ఉంటే, అలాంటి నిఖాకి గవాహ్‌గా కూర్చోడానికి ఎవడికి ధైర్యం వస్తుంది? ఫోటోకి బలం అంటే మేం చెప్పేది ఇదీ. రేపు ఎవరైనా అడిగితే నిలబడి చెప్పగల బలం.

ఇక్కడ మా సెక్యులర్ మిత్రులు తలూపుతారు. "చూశారా, మేం అదే చెబుతున్నాం" అంటారు. ఆగండి. మీతో కూడా లెక్క ఉంది.

1982లో సాగర్ సర్హదీ 'బాజార్' సినిమా తీశాడు. డబ్బు ముందు హైదరాబాదు ఆడపిల్ల నిఖా బేరంగా మారిన కథ. తీయాల్సిన సినిమానే. కానీ ఆ ఒక్క కథా మా అందరి కథ అయిపోయింది. తెలుగు సినిమా అంతకన్నా చవకగా తేల్చేసింది. మా నోట్లో 'నిమ్మల్కీ నమ్మల్కీ' అనే భాష పెట్టింది. మేం ఆ భాష ఏ ఇంట్లోనూ మాట్లాడం. పత్రికలు ఇంకో అడుగు వేశాయి. 2017లో మూడు తలాఖ్‌ల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, 2019లో చట్టం వచ్చింది. ఆ రోజుల్లో పత్రికలు తిరగేసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. నల్ల బురఖా, రెండు కళ్ళు, వెనక చార్మినార్. కోర్టుకెళ్ళి గెలిచినవాళ్ళు ఆడవాళ్ళే. వాళ్ళకి మొహాలున్నాయి, పేర్లున్నాయి, వాదనలున్నాయి. మీకు మాత్రం రెండు కళ్ళే సరిపోయాయి. మా మగవాడు ఆమెని పర్దా వెనక ఉంచాడని మీరు బాధపడతారు. మీరు వేసిన ఫోటో కూడా ఆమెని అక్కడే ఉంచింది కదా!

తల వంచుకున్న దుల్హన్ ఫోటో మీకు ఎందుకంత ఇష్టం? అణగారిన ముస్లిం స్త్రీ అని కింద రాసుకోడానికి వీలు కాబట్టి. ఆ తల వంపు వెనక ఏముందో మీకు తెలుసా? కొన్నిసార్లు భయం. కొన్నిసార్లు పుట్టిల్లు వదులుతున్న దుఃఖం. చాలాసార్లు కిలోల బరువున్న ఖడా దుపట్టా, నెత్తిమీద ఝూమర్, నాలుగు గంటల ఫంక్షన్ హాలు ఉక్క. పెళ్ళికూతురు తల వంచుకోవడం మీ పెళ్ళిళ్ళలో లేదా? అక్కడ దాన్ని సిగ్గు అంటారు. మా దగ్గరికొచ్చేసరికి అది బానిసత్వం అవుతుందా?

ఇంకో సంగతి. మీ 'ముస్లిం పెళ్ళి' ఫోటోలో పాతబస్తీ తప్ప ఇంకో ఊరు ఉండదు. కోస్తాలో, రాయలసీమలో దూదేకుల ఇళ్ళకి వెళ్ళండి. పచ్చని పందిరి ఉంటుంది, పసుపు ఉంటుంది, నల్లపూసలుంటాయి, శుభలేఖ తెలుగులో ఉంటుంది, నిఖా కూడా ఉంటుంది. ఆ ఫోటో తెచ్చి డెస్కు మీద పెడితే "ఇది ముస్లిం పెళ్ళిలా లేదే" అంటారు. ఇటు మా పెద్దలూ అదే మాట అంటారు. ఇద్దరికీ ఒకే ముస్లిం కావాలి. ఉన్న ముస్లిం అక్కర్లేదు. పందిరి కింద ఖుబూల్ అన్న తెలుగు పిల్ల ఫోటో మాకు చాలా బలమైన ఫోటో. రెండు వైపుల అబద్ధాన్నీ ఒక్క దెబ్బతో కొడుతుంది.

ఆడవాళ్ళకి ఫోటో అంటే భయం ఎందుకో కూడా మాట్లాడాలి. అది మతభయం ఒక్కటే కాదు. 2021 జూలైలో 'సుల్లీ డీల్స్' పేరుతో, 2022 జనవరి 1న 'బుల్లీ బాయి' పేరుతో, ముస్లిం ఆడవాళ్ళ ఫోటోలు దొంగిలించి యాప్‌లో వేలానికి పెట్టారు. పాత్రికేయులవి పెట్టారు, ఉద్యమకారులవి పెట్టారు. ఆ తర్వాత ఏ ధైర్యంతో ఒక తల్లి తన బిడ్డ పెళ్ళి ఫోటో పరాయివాడి కంప్యూటర్‌లో వదిలేస్తుంది? స్టూడియోవాడు తన పనితనం చూపించుకోడానికి అడగకుండా ఆ ఫోటోని తన ప్రచారానికి వాడుకుంటే ఆమె ఎవరికి చెప్పుకోవాలి? అందుకే అంటున్నాం, ఫోటోకి కూడా ఇజాబ్, ఖుబూల్ కావాలి. ముందు ఆమెని అడగాలి. తండ్రిని కాదు, అన్నని కాదు, ఆమెని. మొహం వద్దంటే మొహం తీయకండి. వేళ్ళు చాలు. మెహందీ పండిన వేళ్ళు, పెన్ను, సియాహా, పక్కన అమ్మీ చేయి. మొహం లేకుండానే ఆ ఫోటో నిలబడుతుంది, ఎందుకంటే అందులో ఆమె నిర్ణయం ఉంది.

పర్దా ఉంటే మంచి ఫోటో రాదనేవాళ్ళకి మా నగరం 1892లోనే జవాబు చెప్పింది. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ ఆ ఏడాది హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచాడు. ఎత్తైన గోడల మధ్య, ఒక బ్రిటిష్ మహిళ చేతుల్లో పెట్టాడు. పర్దా పాటించే బేగములు వచ్చి దర్జాగా కెమెరాలోకి చూశారు. వాళ్ళ పర్దా పోలేదు, వాళ్ళ మొహమూ పోలేదు. నూట ముప్పై ఏళ్ళు దాటాయి. ఇవాళ హైదరాబాదులో జనానా వైపు తీయడానికి ఆడ ఫోటోగ్రాఫర్లు దొరుకుతున్నారు. మర్దానాకి డ్రోన్ మాట్లాడుకునే ఇల్లు, జనానాకి ఒక ఆడపిల్లని మాట్లాడుకోలేదా? అడగాలన్న బుద్ధి పుట్టాలి గాని.

ఇక కెమెరా పట్టుకునే తమ్ముడికి, చెల్లెలికి మేం చెప్పేది వినండి. ఖాజీ వచ్చాక రావద్దు, ముందే రండి. వకీల్ ఎవరో, గవాహ్‌లు ఎవరో అడిగి తెలుసుకోండి. వాళ్ళు లేచారంటే ఆ క్షణం వస్తున్నట్టే. చెల్లెలు అప్పటికే జనానాలో దుల్హన్‌కి ఓ పక్కగా, అడ్డం రాకుండా కూర్చుని ఉండాలి. మొహం మీదికి వీడియో లైటు కొట్టొద్దు. జరీ మీదా, టీకా మీదా ఫ్లాష్ సూటిగా పడితే తెల్లటి మచ్చలే మిగులుతాయి, కళ్ళు పోతాయి. కిటికీ ఉంటే కిటికీ వెలుతురు చాలు. ఫ్లాష్ తప్పకపోతే కప్పుకి కొట్టండి. అడిగేవాడూ, జవాబు చెప్పేదీ, వినేవాళ్ళూ ఒకే ఫ్రేములో ఉండాలి. వెనక నిలబడ్డ ఖాలాలని, ఫూఫీలని తోసేయొద్దు. వాళ్ళ మొహాల్లోనే ఆ ప్రశ్న బరువు కనిపిస్తుంది. "ఇంకోసారి సంతకం పెట్టమ్మా" అనొద్దు. తప్పిపోతే తప్పిపోయింది. నిజం తప్పిపోయిందని ఒప్పుకున్న ఆల్బం, అబద్ధం అతికించిన ఆల్బం కన్నా నయం. తర్వాత సియాహా పేజీ తీయండి. మెహర్ అంకె చదవగలిగేట్టు తీయండి. ఆ ఒక్క ఫోటో మాత్రం ఆమెకి విడిగా ఇవ్వండి. కరిజ్మా ఆల్బం అత్తగారింట్లో ఉంటుంది. ఆ ఫోటో ఆమె దగ్గర ఉండాలి.

ఎందుకంటే మేం చూస్తూనే ఉన్నాం. మొగుడు వదిలేశాక, లేదా ఇంకో పెళ్ళి చేసుకున్నాక, పత్రికాఫీసు మెట్లెక్కి వచ్చే ఆడవాళ్ళ ప్లాస్టిక్ కవర్లో రెండే ఉంటాయి. సియాహా నకలు, పెళ్ళి ఫోటో. సియాహా దొరకనివాళ్ళ దగ్గర ఫోటో ఒక్కటే ఉంటుంది. అందులో సోఫా ఉంటుంది, పూలుంటాయి, మొగుడి సెహ్రా ఉంటుంది. అడిగిన వకీల్ ఉండడు. విన్న గవాహ్ ఉండడు. ఆ ఫోటో అందంగా ఉంటుంది. ఆమెకి పనికిరాదు.

"దేశంలో ఇన్ని దాడులు జరుగుతుంటే పెళ్ళి ఫోటోల గొడవేంటి?" అని మావాళ్ళే కొందరు అడుగుతారు. దాడికి ముందు బొమ్మ తయారవుతుంది భాయ్. మన మగవాడంటే గడ్డం, మన ఆడదంటే నల్లగుడ్డ, మన పెళ్ళంటే బేరం అని లోకం కళ్ళకి అలవాటు చేశాకే మన ఇంటిమీద రాయి పడుతుంది. ఆ బొమ్మని బయటివాళ్ళు గీశారు. రంగులు కొన్ని మన ఇంట్లోంచే వెళ్ళాయి. రెండూ ఆపాలి. ఒకటి ఆపి ఇంకోటి ఆపకపోతే లాభం లేదు.

కాబట్టి సంపాదకులారా, ఈసారి మా పెళ్ళి గురించి వార్త వేసేటప్పుడు చార్మినార్ పక్కన పెట్టండి. సంతకం పెడుతున్న ఆమెని, ఆమె ఒప్పుకుంటే, వెయ్యండి. కింద ఆమె చెప్పిన పేరు రాయండి. పెద్దలారా, ఖాజీ సాబ్‌లారా, జనానా గుమ్మం దగ్గర కొంచెం పక్కకి జరగండి. ఆమెని అడగండి, ఆమె జవాబు చెప్పేదాకా ఆగండి. దుల్హా మియా, నువ్వూ ఆ సెహ్రా కాస్త పక్కకి తియ్యి. మెహర్ ఎంత రాశారో గట్టిగా చదివి చెప్పు, ఆమెకి వినపడేట్టు. కెమెరా అప్పుడు మొదలుపెట్టమనండి.